అమెరికా పబ్లిక్ రేడియో: సమాఖ్య నిధులు ఆగిన తరువాత స్టేషన్ ఎవరికి జవాబు చెప్పాలి?

తుంగభద్ర

2025 జులై 24న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన నిధుల రద్దు చట్టంతో, పబ్లిక్ రేడియో, టెలివిజన్ స్టేషన్లకు సమాఖ్య నిధులను పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ (ఇకపై సీపీబీ అంటాను) కోసం కాంగ్రెస్ రెండు ఆర్థిక సంవత్సరాలకు ముందుగానే కేటాయించి ఉంచిన సుమారు 110 కోట్ల డాలర్లు వెనక్కి పోయాయి. సెనెట్‌లో 51-48, ప్రతినిధుల సభలో 216-213 ఓట్లతో ఆ బిల్లు గట్టెక్కింది. ఆగస్టు 1న సీపీబీ తన కార్యకలాపాలను ముగిస్తున్నట్లు ప్రకటించింది. 2026 జనవరిలో దాని పాలకమండలి సంస్థనే రద్దు చేయాలని తీర్మానించింది.

నేను చాలాకాలంగా నెలవారీ చందా కడుతున్న స్టేషన్ ఒకటి ఉంది, దాని పేరు ఇక్కడ అనవసరం. చందా పెంచమని కోరుతూ వారు లేఖ రాశారు, ఆ తరువాత కొద్ది రోజులకే వార్తా విభాగంలో కొందరిని ఉద్యోగాల నుంచి తొలగించారు. చందా పెంచడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ పెంచిన డబ్బు ఏ దారిన పోతుంది, ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో నిర్ణయించేది ఎవరు, అందులో చందాదారుడికి ఏమైనా మాట ఉంటుందా అన్నవి నాకు స్పష్టం కావాలి. ఈ వ్యవస్థను దగ్గరగా చూసినవారు మన వేదికలో ఉన్నారు కనుక, దయచేసి పార్టీల వాదనల్లోకి వెళ్లకుండా నిధులు, నిర్వహణ, ఉద్యోగుల విషయం వరకే వివరించగలరు.

లెక్కల మాష్టారు

తుంగభద్ర గారూ, డబ్బు నడిచే దారితోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ రంగంలో జరిగిన తగాదాలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

సీపీబీకి ఏటా అందుతూ వచ్చిన మొత్తం ఇటీవల 53.5 కోట్ల డాలర్లు. అమెరికా జనాభాతో భాగిస్తే తలకు ఏడాదికి ఒకటిన్నర డాలరు చిల్లర. ఆ మొత్తాన్ని ఎలా పంచాలో చట్టమే నిర్దేశించింది. పరిపాలన ఖర్చు నూటికి 5 దాటకూడదు, ఉమ్మడి వ్యవస్థలకు 6 ఇవ్వాలి, మిగిలిన 89 వంతులలో మూడు పాళ్లు టెలివిజన్‌కు, ఒక పాలు రేడియోకు చేరాలి. అంటే రేడియో వాటా సుమారు 12 కోట్ల డాలర్లు మాత్రమే. ఆ రేడియో వాటాలో నూటికి 70 స్టేషన్లకు స్వేచ్ఛగా ఖర్చు పెట్టుకునే గ్రాంటుగా వెళ్లేది, 23 వంతులు కూడా స్టేషన్లకే వెళ్లేవి కానీ వాటిని జాతీయ కార్యక్రమాలు కొనడానికో తయారుచేయడానికో మాత్రమే వాడాలి, మిగిలిన 7 వంతులు సీపీబీ స్వయంగా కార్యక్రమాల నిర్మాణానికి ఇచ్చేది.

ఇక్కడ గమనించవలసినది ఆ 23 వంతుల సంగతి. జాతీయ కార్యక్రమాలు తయారుచేసే నేషనల్ పబ్లిక్ రేడియోకు, అంటే ఎన్‌పీఆర్‌కు, సమాఖ్య ప్రభుత్వం నుంచి నేరుగా అందేది దాని బడ్జెట్‌లో నూటికి ఒకటి మాత్రమేనని మనం వింటూ వచ్చాము, అది నిజమే. కానీ ఎన్‌పీఆర్ ఆదాయంలో దాదాపు మూడో వంతు సభ్య స్టేషన్లు కట్టే రుసుములు, ఆ రుసుముల్లో కొంత భాగం సీపీబీ గ్రాంటు నుంచే కట్టినది. కాబట్టి ఒక్క శాతం అనే లెక్క తప్పు కాదు, పూర్తి లెక్కా కాదు.

మీ చందా విషయానికి వస్తే, అది మీ స్టేషన్‌కే చేరుతుంది, ఎన్‌పీఆర్‌కు నేరుగా పోదు. స్టేషన్ దానితో జీతాలు ఇస్తుంది, కరెంటు బిల్లు, ట్రాన్స్‌మిటర్ అద్దె కడుతుంది, ఎన్‌పీఆర్ తదితర సంస్థల కార్యక్రమాలను కొంటుంది. వీటిలో తగ్గించడానికి వీలున్నది జీతాల పద్దు ఒక్కటే. జాతీయ కార్యక్రమాలు ఆపేస్తే శ్రోతలు పోతారు, శ్రోతలు పోతే చందాలు పోతాయి. అందుకే డబ్బు తగ్గిన ప్రతిసారీ మొదటి వేటు స్థానిక విలేకరుల మీద పడుతుంది.

నిర్మొహమాటం

మాష్టారూ, నూటికి ఒకటో రెండో అయితే ఇంత గగ్గోలు ఎందుకు అన్నది నా మొదటి సందేహం. అంతకంటే పెద్ద సందేహం మరొకటి ఉంది. వార్తలు చెప్పే సంస్థ ఎవరి మీద వార్తలు చెప్పాలో వారి చేతినుంచే డబ్బు తీసుకోవడం మొదటినుంచీ పొరపాటు ఏర్పాటు కాదా? 2025 మే 1న వచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు ఎన్‌పీఆర్‌కూ, టెలివిజన్‌లో దాని వంటిదైన పీబీఎస్‌కూ నిధులు ఆపమని సీపీబీని ఆదేశించింది. తాను ప్రభుత్వ ఏజెన్సీ కాదని, తనను ఆదేశించే అధికారం అధ్యక్షుడికి లేదని సీపీబీ వాదించింది, ఎన్‌పీఆర్ మే నెలాఖరులో మూడు కొలరాడో స్టేషన్లతో కలిసి కోర్టుకు వెళ్లింది. ఇదంతా జరగడానికి కారణం ఒక్కటే, తీగ ఆ చివర ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ తీగ తెగిపోయింది కనుక ఇకమీదట వినేవారి డబ్బుతో నడుపుకోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలోనూ న్యూయార్క్‌లోనూ ఉన్న పెద్ద స్టేషన్లకు దాతలకు కొదవ లేదు.

లెక్కల మాష్టారు

శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ అన్నారు కనుక అక్కడే ఆగుతాను. శాన్ ఫ్రాన్సిస్కోలోని కేక్యూఈడీ 2025 జులైలో తన సిబ్బందిని నూటికి 15 మేరకు తగ్గించింది, దాతలకు కొదవ లేని ఊరిలోనే అది జరిగింది. ఇక దాతలే లేని ఊళ్ల మాట చూడండి. అలాస్కా పశ్చిమాన బెథెల్ పట్టణంలో ఉన్న కేవైయూకే ఆంగ్లంలోనూ యుపిక్ భాషలోనూ ప్రసారం చేస్తుంది, దాని ఆదాయంలో దాదాపు 70 శాతం సీపీబీ నుంచే వచ్చేది. మీరు చెప్పిన కొలరాడో వ్యాజ్యంలో ఎన్‌పీఆర్ పక్కన నిలబడిన స్టేషన్లలో ఒకటైన కేఎస్‌యూటీ, ఇగ్నాసియో అనే చిన్న ఊరిలో సదరన్ ఉట్ తెగ ప్రజల కోసం మొదలైనది. ఇటువంటి చోట్ల జనాభాయే కొద్ది, వాణిజ్య ప్రకటనలకు చట్టం ఒప్పుకోదు, సంపన్న దాతలు లేరు. దేశవ్యాప్త సగటు చూసి నూటికి ఇంతేగా అనుకోవడం, ఊరి సగటు వర్షపాతం చూసి ఎండిన చెరువు కింద నారుమడి పోయడం లాంటిది.

స్టేషన్లు విడివిడిగా చేసుకోలేని పనులను సీపీబీ అందరి తరఫున చేసేది. పాటల ప్రసార హక్కుల బేరం అందులో ఒకటి. ఉపగ్రహ వ్యవస్థ మరొకటి, దాని మీదే 2025లో సీపీబీకీ ఎన్‌పీఆర్‌కూ మధ్య దావా నడిచింది. దశాబ్దాలుగా ఎన్‌పీఆర్ నిర్వహిస్తున్న ఆ వ్యవస్థ నిధులను సీపీబీ ఒక కొత్త సంస్థకు మళ్లించింది. ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి అలా చేశారని ఎన్‌పీఆర్ ఆరోపించింది, చివరకు నవంబరులో సుమారు 3.6 కోట్ల డాలర్లు ఎన్‌పీఆర్‌కు చెందేలా రాజీ కుదిరింది. మూతపడబోతున్న సంస్థ, దాని మీద ఆధారపడిన సంస్థ కోర్టులో ఒకదానితో ఒకటి పోరాడిన ఆ ఉదంతం చూస్తే, డబ్బు కరువైనప్పుడు మిత్రపక్షాలు కూడా ఎలా విడిపోతాయో అర్థమవుతుంది.

తుంగభద్ర

మాష్టారూ, ఒక చిన్న సందేహం. ప్రభుత్వం డబ్బును సీపీబీకి, సీపీబీ స్టేషన్లకు, స్టేషన్లు ఎన్‌పీఆర్‌కు ఇవ్వడం ఎందుకు? నేరుగా ఇవ్వకుండా ఇంత చుట్టుదారి ఎవరు పెట్టారు?

పాత ట్రాన్సిస్టర్

దీనికి నేను చెబుతాను. ఆ చుట్టుదారి మొదట్లో లేదు, ఒక నిర్వహణా వైఫల్యం వల్ల ఏర్పడింది.

1967 నవంబరు 7న లిండన్ జాన్సన్ సంతకం చేసిన పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టంలో రేడియో దాదాపు చివరి నిమిషంలో చేరింది, ఆలోచన అంతా టెలివిజన్ గురించే జరిగింది. 1970లో ఎన్‌పీఆర్ ఏర్పడి, 1971 మే 3న ‘ఆల్ థింగ్స్ కన్సిడర్డ్’ అనే వార్తా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో సీపీబీ డబ్బు నేరుగా ఎన్‌పీఆర్‌కే వెళ్లేది. 1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం కోతలు విధించడంతో, ఎన్‌పీఆర్ అధ్యక్షుడు ఫ్రాంక్ మాంకివిచ్ వాణిజ్య వ్యాపకాల ద్వారా సమాఖ్య నిధుల అవసరమే లేకుండా చేస్తానని పూనుకున్నాడు. 1983 నాటికి దాదాపు 70 లక్షల డాలర్ల లోటు తేలింది. పద్దులు ఎంత అస్తవ్యస్తంగా ఉన్నాయంటే లోటు ఎంతో తేలడానికే కొంతకాలం పట్టింది. మాంకివిచ్ రాజీనామా చేశాడు, చాలామంది ఉద్యోగాలు పోయాయి, సీపీబీ అప్పు ఇచ్చి సంస్థను నిలబెట్టింది. ఆ అప్పుకు ప్రతిగా వచ్చినదే మీరు అడిగిన చుట్టుదారి. ఇకపై డబ్బు స్టేషన్లకు వెళ్లాలి, వారికి నచ్చితే కార్యక్రమాలు కొనాలి. ఎన్‌పీఆర్ పాలకమండలిలో స్టేషన్ల నిర్వాహకులదే ఆధిక్యం కనుక, కొనుగోలుదారులే యజమానులు కూడా అయ్యారు. ధర తక్కువగా ఉండాలని కోరుకునేవాడూ సంస్థ లాభంగా నడవాలని చూడవలసినవాడూ ఒక్కడే అయితే, మధ్యలో నలిగేది ఎవరో ఊహించవచ్చు.

ఆ తరువాత ఎన్‌పీఆర్‌కు పెద్ద మొత్తంలో ధనం వచ్చిన సందర్భమూ ఉంది. 2003లో మెక్‌డొనాల్డ్స్ దివంగత అధిపతి భార్య జోన్ క్రాక్ వీలునామా ద్వారా 20 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. అది మూలధనంగా ఉంచి ఏటా కొంత మాత్రమే వాడుకోవలసిన డబ్బు. దాని అండ చూసుకుని సంస్థ విస్తరించింది. అయిదేళ్లు తిరిగేసరికి, 2008 డిసెంబరులో స్పాన్సర్లు వెనక్కి తగ్గడంతో, రెండు దినసరి కార్యక్రమాలను ఆపి 64 మందిని తొలగించింది. స్టేషన్లకు ఆ వీలునామా వల్ల జరిగిన మేలు కంటే, ఇక మీకు చందా ఎందుకని అడిగే శ్రోతలకు జవాబు చెప్పుకోవలసిన ఇబ్బందే ఎక్కువైంది.

శ్రుతిలయ

నేను ఒక పబ్లిక్ రేడియో స్టేషన్‌లో నిర్మాణ విభాగంలో పని చేస్తున్నాను, కార్మిక సంఘంలో సభ్యురాలిని. మా స్టేషన్ గురించి ఏమీ చెప్పను. బహిరంగంగా నమోదైన విషయాలకే పరిమితమవుతాను.

ఎన్‌పీఆర్‌లో విలేకరులు, నిర్మాతలు సాగ్-ఆఫ్ట్రా సంఘం కిందా, సాంకేతిక నిపుణులు నాబెట్-సీడబ్ల్యూఏ కిందా ఉంటారు. పెద్ద నగరాల స్టేషన్లలో చాలా చోట్ల సంఘాలు ఉన్నాయి. బాస్టన్‌లో డబ్ల్యూబీయూఆర్ ఉద్యోగులు 2019లో సంఘం కట్టుకున్నారు. 2017 వేసవిలో ఎన్‌పీఆర్ యాజమాన్యం రెండంచెల జీతాల పద్ధతిని ప్రతిపాదించింది. ఇప్పటికే ఉన్నవారికి ఒక కనీస వేతనం, కొత్తగా చేరేవారికి అంతకంటే తక్కువ. పాతవారికి పైసా నష్టం లేదు కదా అని యాజమాన్యం అనుకుని ఉండవచ్చు. కానీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే పని చేసే ఇద్దరికి రెండు రేట్లు ఉంటే, ఏడాది గడిచేసరికి ఖరీదైన ఉద్యోగి మీదే కన్ను పడుతుందని పాతవారికి బాగా తెలుసు. సమ్మె దాకా వచ్చిన ఆ వివాదం జులై నడిమిలో మూడేళ్ల ఒప్పందంతో ముగిసింది.

అయితే సంఘం ఉన్నా తీరని సమస్య తాత్కాలిక ఉద్యోగులది. 2018 చివర వాషింగ్టన్ పోస్ట్ వెల్లడించిన ప్రకారం ఎన్‌పీఆర్ వార్తా విభాగంలో సంఘం పరిధిలోకి వచ్చేవారిలో దాదాపు అయిదో వంతు తాత్కాలికులే. కొన్ని వారాల ఒప్పందం, అది ముగిసే ముందు రోజు మరొక ఒప్పందం, ఏళ్ల తరబడి ఇదే వరుస. సంస్థకు ప్రతిష్ఠ తెచ్చే కార్యక్రమాల్లో ఇటువంటివారి చెమట ఎంతో ఉంది.

2023 మార్చిలో జరిగినది అందరికీ తెలిసినదే. స్పాన్సర్ల ఆదాయం 3 కోట్ల డాలర్ల మేరకు పడిపోవడంతో సిబ్బందిలో పదోవంతు మందిని, అంటే దాదాపు వంద మందిని తొలగించారు. ‘ఇన్విజిబిలియా’, ‘రఫ్ ట్రాన్స్‌లేషన్’ వంటి పాడ్‌కాస్ట్‌లు ఆగిపోయాయి. ఇందులో సమాఖ్య నిధుల ప్రమేయం ఏమాత్రం లేదని గమనించండి. నిర్మొహమాటం గారు ప్రభుత్వం చేతి తీగ అన్నారు. స్పాన్సర్ చేతి తీగ కూడా తక్కువ బిగుతుగా ఏమీ లేదు. వాణిజ్య సంస్థల పేర్లను ప్రసారంలో చదవడానికి కూడా హద్దులున్నాయి. ధర చెప్పకూడదు, కొనమని ప్రేరేపించకూడదు, మరొకరి సరుకుతో పోల్చకూడదు. ఆ హద్దు దాటుతున్నారేమో చూడమని 2025 జనవరిలో ప్రసార లైసెన్సులు ఇచ్చే సమాఖ్య సంస్థ ఎఫ్‌సీసీ అధ్యక్షుడు బ్రెండన్ కార్ విచారణకు ఆదేశించాడు. ప్రభుత్వ గ్రాంటు పోతే స్పాన్సర్లతో నెట్టుకురావచ్చని చెప్పేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిర్మొహమాటం

శ్రుతిలయ గారూ, మీ మాటల్లోనే నా వాదనకు బలం ఉంది. ప్రభుత్వం వద్దు, స్పాన్సర్లు వద్దు, కోటీశ్వరుల వీలునామాలు కూడా వద్దు. వినేవారే డబ్బు ఇవ్వాలి, వినేవారే పాలకమండలిని ఎన్నుకోవాలి, ఉద్యోగులకు అందులో స్థానం ఉండాలి. ఇంత సూటి ఏర్పాటు ఉండగా ఈ యాభై ఏళ్లలో ఎవరికీ తట్టలేదా?

ఓక్లండ్ నుంచి

తట్టింది. ఆ ఏర్పాటులోనే నేను చాలాకాలం స్వచ్ఛందంగా పనిచేశాను, కనుక కొంచెం పొడుగ్గా రాస్తాను.

పసిఫికా ఫౌండేషన్ అనే రేడియో సంస్థను 1946లో లూయిస్ హిల్ అనే యుద్ధ వ్యతిరేకి స్థాపించాడు. 1949 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో దాని మొదటి స్టేషన్ కేపీఎఫ్‌ఏ ప్రసారం మొదలైంది. ఎన్‌పీఆర్ కంటే ఇది ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. శ్రోతలు స్వచ్ఛందంగా చందా కట్టి స్టేషన్‌ను పోషించాలన్న పద్ధతిని అమెరికాలో నిలబెట్టినది హిల్. అటువంటి హిల్ కూడా అంతర్గత కలహాల వల్ల 1953లో రాజీనామా చేసి, మరుసటి ఏడాది తిరిగి రావలసి వచ్చింది. అంటే కొట్లాటలు మాకు పుట్టుకతోనే వచ్చాయి.

అసలు సంక్షోభం 1999లో. పసిఫికాకు అప్పుడు అయిదు స్టేషన్లు. జాతీయ పాలకమండలిలో కొందరు సభ్యులు స్టేషన్ల సలహా మండళ్ల నుంచి వచ్చేవారు. ఒకే మనిషి సలహా మండలిలోనూ పాలకమండలిలోనూ ఉండటం గ్రాంటు నిబంధనలకు విరుద్ధమని సీపీబీ పేర్కొంది. 1999 ఫిబ్రవరిలో, ఆ కారణం చూపి, పాలకమండలి తన సభ్యులను తానే ఎంపిక చేసుకునేలా నియమావళిని మార్చుకుంది. మార్చి చివర, అందరి ఆదరణా పొందిన కేపీఎఫ్‌ఏ మేనేజరు నికోల్ సవాయా కాంట్రాక్టును పొడిగించలేదు. ఈ విషయాలను ప్రసారంలో చర్చించకూడదని ఆంక్ష పెట్టారు. చర్చించినవారిని తొలగించారు. జులైలో పాలకమండలి సభ్యుడు ఒకరు, కేపీఎఫ్‌ఏనో న్యూయార్క్‌లోని డబ్ల్యూబీఏఐనో అమ్మేయడం గురించి అధ్యక్షురాలు మేరీ ఫ్రాన్సెస్ బెర్రీకి రాసిన ఈమెయిల్ పొరపాటున బయటి సంస్థకు చేరి బట్టబయలైంది. జులై 13న ఆ వార్తను ప్రసారం చేసిన డెన్నిస్ బెర్న్‌స్టీన్‌ను కాపలావారు స్టూడియో నుంచి ఈడ్చుకుపోతుండగా ఆ శబ్దాలు గాలిలో వినపడ్డాయి. సిబ్బందిని బయటికి పంపి తలుపులకు తాళం వేశారు. సుమారు మూడు వారాలు పాత టేపులే మోగాయి. జులై 31న బర్క్‌లీ వీధుల్లో దాదాపు పదివేల మంది ఊరేగారు. రేడియో స్టేషన్ కోసం అంతమంది నడవడం నాకు తెలిసి మరెక్కడా జరగలేదు.

వ్యాజ్యాలు నడిచి 2001 డిసెంబరులో రాజీ కుదిరింది. 2003లో కొత్త నియమావళి వచ్చింది. ఒక్కో స్టేషన్‌కు 24 మందితో స్థానిక మండలి, అందులో 18 మంది శ్రోతల ప్రతినిధులు, ఆరుగురు సిబ్బంది ప్రతినిధులు. 25 డాలర్లు కట్టినా, మూడు గంటలు స్వచ్ఛందంగా పనిచేసినా ఓటు వస్తుంది. నిర్మొహమాటం గారు కోరుకున్నది అక్షరాలా ఇదే.

ఆ తరువాత ఏమైంది? ఎన్నికలకే బోలెడు ఖర్చు. గెలిచిన వర్గం, ఓడిన వర్గం, ప్రతి బడ్జెట్ సమావేశంలోనూ కోర్టు నోటీసులు. 2010లో నిధుల కొరత పేరుతో కేపీఎఫ్‌ఏ ఉదయపు కార్యక్రమాన్ని ఆపి సమర్పకులను తొలగించినప్పుడు, అది పొదుపా కక్షా అన్న వాదం నేటికీ తెగలేదు. ఆడిట్లు సమయానికి సమర్పించలేక పసిఫికా సీపీబీ గ్రాంటును 2010లలోనే పోగొట్టుకుంది, కాంగ్రెస్ రద్దు చేసేదాకా ఆగలేదు. డబ్ల్యూబీఏఐ ఎంపైర్ స్టేట్ భవనం మీది యాంటెన్నా అద్దె కట్టలేకపోతే, 2017లో కోర్టు 18 లక్షల డాలర్లు చెల్లించమన్నది, ఆ బకాయి తీర్చడానికి మరుసటి ఏడాది దాదాపు 37 లక్షల డాలర్ల అప్పు చేశారు. 2019 అక్టోబరు 7న జాతీయ యాజమాన్యం హఠాత్తుగా డబ్ల్యూబీఏఐ స్థానిక ప్రసారాన్ని ఆపి సిబ్బందిని తొలగించింది, నవంబరులో కోర్టు జోక్యంతో అది తిరిగి వారి చేతికి వచ్చింది.

అయినా నేను నిరాశావాదిని కాను. ఎన్నికలు తప్పని నేను అనడం లేదు. రేడియో నడపడం తెలిసినవారికీ, రేడియోను ప్రేమించేవారికీ మధ్య అధికారం ఎక్కడ ఆగాలో ఆ నియమావళి రాసినవారు తేల్చలేదు, అంతే.

శ్రుతిలయ

ఓక్లండ్ గారు ఒక ముఖ్యమైన కార్మిక వివాదాన్ని వదిలేశారు. డబ్ల్యూబీఏఐలో జీతం లేని సిబ్బందికి కూడా సంఘ ఒప్పందంలో చోటు ఉండేది. కార్యక్రమాల్లో అధిక భాగం వారు చేసేవే కనుక అది న్యాయంగానే తోచేది. వారిని సంఘ పరిధి నుంచి తప్పించాలని పసిఫికా యాజమాన్యం జాతీయ కార్మిక సంబంధాల బోర్డును ఆశ్రయించింది. కూలి లేకుండా పనిచేసేవారు చట్టం దృష్టిలో ఉద్యోగులే కారని 1999లో బోర్డు తీర్పు ఇచ్చింది. శ్రమజీవుల పక్షాన రోజంతా మాట్లాడే రేడియో తన సొంత ఇంట్లో ఆ వాదన చేసి గెలిచింది. కేపీఎఫ్‌ఏలో జీతం తీసుకునేవారు మాత్రం సీడబ్ల్యూఏ సంఘంలో ఉన్నారు, అందువల్ల జీతగాళ్లకూ స్వచ్ఛంద సేవకులకూ మధ్య ఒక గీత ఏర్పడింది. తరువాతి ఎన్నికల వర్గాలలో కొంత భాగం ఆ గీతకు ఇరువైపులా తయారైనవే.

పాత ట్రాన్సిస్టర్

ఇది చదువుతుంటే మన ఆకాశవాణి కేంద్రాలలో ఏళ్లకేళ్లు పనిచేసిన క్యాజువల్ అనౌన్సర్లు గుర్తుకు వస్తున్నారు, అయితే అది వేరే చర్చకు తగిన విషయం కనుక అక్కడితో ఆపుతాను.

శ్రోతల ఓటు గురించి మాట్లాడేటప్పుడు లైసెన్సు ఎవరి పేరున ఉందో మరచిపోతున్నాము. చాలా పబ్లిక్ రేడియో స్టేషన్ల లైసెన్సులు విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం 2011 జనవరిలో ఒక ఉదయం కేయూఎస్ఎఫ్ స్టూడియోను మూసేసి, దాని 90.3 పౌనఃపున్యాన్ని 37.5 లక్షల డాలర్లకు అమ్ముతున్నట్లు ప్రకటించింది. దశాబ్దాలుగా అక్కడ కార్యక్రమాలు చేస్తున్న స్వచ్ఛంద సేవకులకు ఆ రోజు వరకూ తెలియదు. కొన్నది వాణిజ్య సంస్థ కాదు, శాస్త్రీయ సంగీతం ప్రసారం చేసే మరొక పబ్లిక్ రేడియో వర్గమే. వాషింగ్టన్‌లో అమెరికన్ విశ్వవిద్యాలయం చేతిలోని డబ్ల్యూఏఎంయూ 2024 ఫిబ్రవరిలో ‘డీసీఇస్ట్’ వార్తా వెబ్‌సైటును మూసి పదిహేను మందిని పంపించింది. చందాదారులను ఎవరూ అడగలేదు, అడగవలసిన చట్టపరమైన బాధ్యత కూడా లేదు.

తుంగభద్ర

ఇంతవరకు వచ్చిన సమాధానాలను బట్టి, నేను కట్టే చందా స్టేషన్‌కు చేరుతుంది కానీ దాని నిర్ణయాల్లో నాకు భాగం ఇవ్వదు, ఓటు ఇచ్చిన చోట స్టేషన్ నిలదొక్కుకోవడమే కష్టమైంది. మరి ఈ రెండిటి నడుమ ఏమీ లేదా?

లెక్కల మాష్టారు

ఉండేది. సీపీబీ గురించి నేను డబ్బు లెక్కలే చెప్పాను, ఆ డబ్బుతో వచ్చిన షరతుల గురించి చెప్పలేదు.

సీపీబీ గ్రాంటు కావాలంటే స్టేషన్ కొన్ని నియమాలు పాటించాలని చట్టమే రాసింది. పాలకమండలి సమావేశాలు బహిరంగంగా, ముందస్తు ప్రకటనతో జరగాలి. ఆడిట్ అయిన పద్దులు అడిగినవారికి చూపాలి. ఉద్యోగ నియామకాల్లో సమానావకాశాల వివరాలు ఇవ్వాలి. దాతల జాబితాలను రాజకీయ పార్టీలకు ఇవ్వకూడదు. ఊరి ప్రజలతో ఒక సలహా మండలి ఏర్పాటు చేసి, కార్యక్రమాల మీద వారి అభిప్రాయం వినాలి. ఈ నియమాలు రేడియో లైసెన్సుకు సంబంధించినవి కావు, గ్రాంటుకు కట్టినవి. గ్రాంటు పోయిన రోజునే స్టేషన్ మీద ఆ బాధ్యత పోయింది. కోట్ల డాలర్ల గురించి పత్రికలన్నీ రాశాయి, తలుపు తెరిచి సమావేశం పెట్టాలన్న నియమం చడీచప్పుడు లేకుండా పోయిన సంగతిని పట్టించుకున్నవారు తక్కువ. నా దృష్టిలో మీ వంటి చందాదారుడికి జరిగిన అసలు నష్టం అది.

ఓక్లండ్ నుంచి

మాష్టారు చెప్పిన ఆ సలహా మండలి నియమమే 1999లో మా మెడకు చుట్టుకున్నది. మండలి సలహా మాత్రమే ఇవ్వాలి, స్టేషన్ రోజువారీ నిర్వహణ మీద దానికి ఏ అధికారమూ ఉండకూడదని చట్టంలో ఉంది. ఇతర స్టేషన్లలో శ్రోతకు కొద్దిపాటి చోటు కల్పించిన నియమం పసిఫికాలో అప్పటికే ఉన్న చోటును తీసివేయడానికి సాకుగా ఉపయోగపడింది. అందుచేత ఆ షరతులు పోయినందుకు నేను మాష్టారు అంతగా బాధపడలేను, కానీ బహిరంగ సమావేశాలు, ఆడిట్ పద్దుల నియమం మాత్రం ఉండి తీరాలి.

నిర్మొహమాటం

ఆ రెండూ ఉండాలంటే ప్రభుత్వ గ్రాంటు అక్కరలేదు కదా. స్టేషన్ తన నియమావళిలో తానే రాసుకోవచ్చు. చందా పెంచమని లేఖ రాసిన ప్రతి స్టేషన్‌నూ, ఆ రెండిటినీ సొంత నియమావళిలో చేర్చారా అని చందాదారులు అడగాలి, చేర్చకపోతే కారణం అడగాలి.

శ్రుతిలయ

అది మంచి ప్రశ్నే, అయితే అడిగే ముందు లైసెన్సుదారు ఎవరో తెలుసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థల చేతిలోని స్టేషన్లకు సలహా మండలి నియమం ఎప్పుడూ వర్తించలేదు. వాటికి ఆయా రాష్ట్రాల బహిరంగ సమావేశాల చట్టాలు, సమాచార చట్టాలు ఉన్నాయి, అవి సీపీబీతో సంబంధం లేకుండా కొనసాగుతాయి. ప్రైవేటు లాభాపేక్ష లేని సంస్థ అయితే దాని వార్షిక పన్ను పత్రం ‘ఫారం 990’ ఎవరైనా చూడవచ్చు. అందులో అత్యధిక వేతనం పొందే అధికారుల జీతాలు ఉంటాయి, మా సంఘం కొత్త ఒప్పందం చర్చలకు వెళ్లే ముందు మొదట చదివేది అదే.

ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ప్రతి స్టేషన్‌కూ ఒక పబ్లిక్ ఫైలు ఉంటుంది, అది లైసెన్సుకు సంబంధించిన బాధ్యత కనుక గ్రాంటు పోయినా పోదు. యాజమాన్య నివేదిక, ఏ మూడు నెలల్లో ఏ స్థానిక సమస్యల మీద ఏ కార్యక్రమాలు చేశారన్న జాబితా, ఫలానా కార్యక్రమానికి ఫలానావారు డబ్బు ఇచ్చారన్న వివరం అందులో ఉండాలి. తుంగభద్ర గారూ, మీ స్టేషన్ విలేకరులను తొలగించిన తరువాతి మూడు నెలల జాబితాను అంతకు ముందు ఏడాది జాబితాతో పక్కపక్కన పెట్టి చదవండి. చందా పెంచాలో వద్దో తేల్చుకోవడానికి వారి లేఖ కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.